వీధి వర్తకులు – పురపాలక సంఘములు

మన పట్టణములలో నొక దృశ్యము ఏటేట చూచుచునే యున్నాము. తెల్లవారుజామున పురపాలక సంఘమువారి లారీ యొకటి బజారు మొగను వచ్చి నిలుచును. వెంట పోలీసు జవానులు నలుగురు వత్తురు. రాత్రి బండిపై పట్టా కప్పి, త్రాటితో బిగించి, యింటికి పోయిన అరటిపండ్లవాడు సంగతి తెలిసి పరుగున వచ్చునప్పటికి బండి లారీమీద నుండును. ముసలమ్మ తట్టలోని తోటకూర రోడ్డుపాలగును. ఇదేమని యడిగినచో “పైవారి యుత్తరువు” అనునదొక్కటియే సమాధానము. ఆక్రమణలు తొలగింపబడినవని మరునాడు వార్త వెలువడును. పదిదినములకు ఆ బండ్లే, ఆ తట్టలే, ఆ తావుననే మరల కానవచ్చును. కొన్ని నెలలకు లారీయు మరల వచ్చును. తొలగించుటయు, మరల చేరుటయు మన పురపాలనమున నొక ఋతుచక్రమువలె సాగుచున్నవి.

ఇదంతయు ఎవరి పేరిట జరుగుచున్నది? పన్ను చెల్లించు పౌరుల పేరిట, అనగా మన పేరిట. కాలిబాట మనది, దానిని మనకొరకు ఖాళీ చేయించుచున్నామని అధికారులు చెప్పుచున్నారు. మన పేరు పెట్టి చేయబడు పనిని గూర్చి మనము విచారింపకుండుట న్యాయము కాదు. ఇది నిర్దయయని చెప్పుట మాకు సులభము. విన్నవారు నిట్టూర్చి తమ పని తాము చూచుకొనుటయు సులభము. కాని మేము చెప్పదలచినది దయను గూర్చిన మాట కాదు. ఇట్టి తొలగింపులలో పెక్కు శాసన విరుద్ధములు. చట్టమును తప్పుచున్నవాడు బండివాడని మన మనుకొనుచున్నాము. చాలచోట్ల చట్టమును ముందుగా తప్పినది లారీ పంపినవారే.

ఈ మాటకు ఆధారము చూపుట మా విధి. వీధి వర్తకుల జీవనోపాధిని రక్షించుటకును, వీధి వర్తకమును క్రమపరచుటకును పార్లమెంటు చేసిన శాసన మొకటి కలదు. 2013 సెప్టెంబరులో లోకసభయు, 2014 ఫిబ్రవరిలో రాజ్యసభయు దాని నామోదించినవి. మార్చి 4వ తేదిని రాష్ట్రపతి సమ్మతి లభించినది. మే 1వ తేదినుండి అది అమలునకు వచ్చినది. అప్పటికి తెలుగువారిదంతయు నొకే రాష్ట్రము. జూను 2వ తేదిని రెండైనవి. కావున రెండు రాష్ట్రములకును ఈ శాసనము పుట్టుకతో వచ్చినదే. మాకు తెలియదనుటకు రెంటిలో దేనికిని వీలులేదు.

ఆ శాసనము ఒక్కనాట పుట్టినది కాదు. దానివెనుక ముప్పదియేండ్ల వ్యాజ్యము కలదు. బొంబాయి వీధి వర్తకుల సంఘము వేసిన దావాలో 1985లో సుప్రీముకోర్టు ఏ వీధులలో అమ్మకము చేయవచ్చునో, ఏ వీధులలో చేయరాదో విడదీసి నిర్ణయింపవలెనని నగరపాలకులకు చెప్పినది. ఢిల్లీలో జనపథ్ సందున దుస్తులమ్ముకొని బ్రతుకు సోదన్ సింగు అనునతని వ్యాజ్యమున 1989లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము మరియొక మెట్టెక్కినది. వీధిని అమ్ముకొనుటయు రాజ్యాంగము 19వ అధికరణమున ప్రసాదించిన వృత్తి స్వాతంత్ర్యములోనిదే యనియు, దానిని ప్రజాహితముకొరకు సమంజసముగ నియమింపవచ్చుననియు తీర్పు చెప్పినది. ఫలానా గజము నేల నాకు శాశ్వతముగ కావలెనను హక్కు మాత్రము ఎవ్వరికిని లేదని కూడ ఆ తీర్పే చెప్పినది. ఇంతకన్న మధ్యేమార్గ మేమి కావలెను? తరువాత 2004లో నొకటియు, 2009లో మరియొకటియు జాతీయ విధాన పత్రములు వెలువడినవి. విధానము విధానముగనే యుండి ఆచరణకు రాకపోగా, 2010లో గైందారామ్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు 2011 జూను 30లోపల శాసనము చేయవలెనని గడువు పెట్టినది. గడువు దాటినది. ఈలోపల విధానమునే పాటింపుడని 2013లో కోర్టు మరల ఆజ్ఞాపింపవలసి వచ్చినది. అటుపిమ్మట గాని శాసనము రాలేదు.

ఇంత కాలమునకు వచ్చిన యా శాసనము ఏమి చెప్పుచున్నది? దాని సారము ఒక వరుసక్రమము. ముందు లెక్క, పిమ్మట పత్రము, పిమ్మట తావు, అన్నిటికిని చివర, తప్పనిచో, తొలగింపు. ఈ వరుసయే శాసనమునకు ప్రాణము.

మొదటిది లెక్క. పట్టణములో వీధిని అమ్ముకొను వారెందరో, ఎక్కడెక్కడ నున్నారో అయిదేండ్ల కొకసారియైనను విచారించి వ్రాయవలెను. ఆ లెక్క ముగిసి పత్రములిచ్చువరకు ఏ వర్తకుని తొలగింపరాదని 3వ సెక్షను స్పష్టముగ చెప్పుచున్నది. ఒక వార్డునకుగాని పట్టణమునకుగాని అందలి జనసంఖ్యలో నూటికి రెండున్నర వంతున వర్తకులకు తావు కల్పించుట పరిమితి. లక్షజనము గల పట్టణమున రెండువేల అయిదువందల మందియన్నమాట. ఒకచోట చోటు చాలకున్నచో చీట్లు వేసి, మిగిలినవారికి దాపుననున్న తావున స్థలమీయవలెను గాని వెళ్లగొట్టరాదు.

రెండవది పత్రము. వర్తకము తానుగాని తన కుటుంబమువారుగాని చేయవలెను. ఇతర జీవనాధార ముండరాదు. పత్రమును ఇతరులకు బాడుగకీయరాదు. ఈ మాటలకు కట్టుబడినవారికి అమ్మకపు ధ్రువపత్ర మీయవలెను. ఒకచోట కూర్చుండువారికి నొక విధము, తిరిగి యమ్మువారికి మరియొక విధము. వర్తకుడు చనిపోయినను, శాశ్వతముగ అశక్తుడైనను ఆ పత్రము భార్యకుగాని ఆధారపడిన బిడ్డకుగాని చెందును. వితంతువు తట్ట దించుకొని ఏడ్వ నక్కరలేకుండ శాసనకర్తలు తలచి పెట్టిన యేర్పాటిది.

మూడవది తావు. కొనువారును అమ్మువారును చిరకాలముగ తమంత తాము చేరి యేర్పరచుకొన్న అంగడిని అమ్మకము నిషేధించిన ప్రదేశముగ ప్రకటింపరాదు. ఏబదియేండ్లకు పైబడి సాగుచున్న అట్టి అంగళ్లను వారసత్వ విపణులుగ గుర్తించి, అచ్చటి వర్తకులను కదలింపరాదని రెండవ అనుబంధమున నున్నది. హైదరాబాదున చార్మినారు చుట్టును గాజులు, అత్తరులు, పండ్లు అమ్ము బజారులను, ఆబిడ్సు కాలిబాటలపై ఆదివారము పుస్తకములు పరచువారిని తలచుకొనుడు. ఆ బజారులు తీసివేసినచో మిగులు నగరము ఏ నగరము?

నాలుగవది తొలగింపు. ప్రజావసరము నిజముగ కలిగినచో స్థలము మార్పవచ్చును. కాని ముప్పది దినములు ముందుగ నోటీసు ఇచ్చి తీరవలెను. సరకు పట్టుకొన్నచో పట్టుకొన్న వస్తువుల జాబితా వ్రాసి, సంతకముచేసి, వర్తకుని చేతికీయవలెను. చెడని సరకును అడిగిన రెండు పనిదినములలోను, చెడిపోవు సరకును అడిగిన నాడే తిరిగి యీయవలెను. పత్రములోని నియమములకు లోబడి యమ్ముకొనువానిని పోలీసులుగాని మరియెవ్వరుగాని అడ్డగింపరాదని 27వ సెక్షను ఆజ్ఞ. వర్తకునకు విధింపగల జుల్మానాలను చూడుడు: స్థలము విడువని దినమొకటికి హెచ్చున 250 రూపాయలు, పత్రము లేక యమ్మినందుకు హెచ్చున 2,000 రూపాయలు. బండిని ముక్కలు చేయుటయు, తక్కెడను విరుచుటయు, పండ్లను చెత్తలారీలో వేయుటయు ఈ శిక్షలలో నెక్కడను లేవు. శాసనము చెప్పని శిక్షను నౌకరు విధించినచో దానికి దౌర్జన్యమనియే పేరు.

ఇదంతయు చేయవలసిన దెవరు? పట్టణ విక్రయ సమితి. దానికి పురపాలక కమీషనరు అధ్యక్షుడు. సభ్యులలో నూటికి నలువదిమందికి తక్కువకాకుండ వీధి వర్తకులే యుండవలెను. వారిని వర్తకులే యెన్నుకొనవలెను. వారిలో మూడవవంతు స్త్రీలు. తగవులు తీర్చుటకు వేరొక సమితి. దానికి విశ్రాంత న్యాయాధికారి పెద్ద. ఆరునెలలలో రాష్ట్ర ప్రభుత్వము పథకమును, ఒక సంవత్సరములో నిబంధనలను సిద్ధపరుపవలెనని గడువులు. శాసనము వచ్చి పదియేండ్లు దాటినవి. ప్రతి పట్టణవాసియు తన యూరినిగూర్చి ఈ ప్రశ్న వేసికొనవచ్చును: మా యూర ఈ సమితి కలదా? కూడినదా? అందు కూర్చుండు వర్తకులను వర్తకులే యెన్నుకొనిరా, లేక ఎవరో పేర్లు వ్రాసిరా? సమాధానమునకు ఎక్కువసేపు ఆలోచింపవలసి వచ్చినచో, అదియే సమాధానము.

దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడని మనవారి సామెత. పార్లమెంటు ఇచ్చిన వరము పురపాలక కచ్చేరి గడపవద్ద ఆగిపోయినది. లెక్క, పత్రము, తావు అను మూడు మెట్లను విడిచి, నాలుగవదియగు తొలగింపును మొదటి మెట్టుగ చేసికొనిరి. ఇచ్చటనే అసలు చమత్కారమున్నది. పత్రము లేదు కాన తొలగించితిమందురు. పత్రమేల లేదన్నచో లెక్క ముగియలేదందురు. లెక్క ముగియనిచో తొలగింపరాదను వాక్యము మాత్రము ఎవ్వరికిని కనబడదు. తాము చేయని పనిని ఎదుటివాని నేరముగ చూపుట ఏ ధర్మశాస్త్రమునందైనను కలదా?

ఈ వైపరీత్యము 2020లో మరింత స్పష్టమైనది. మహమ్మారి కాలమున వీధులు మూతబడగా, పూటకు సంపాదించి పూటకు తిను వీరి బ్రతుకులు ఒక్కసారి ఆగిపోయినవి. అప్పుడు కేంద్ర ప్రభుత్వము జూను 1వ తేదిని స్వనిధి యను పథకమును ప్రారంభించి, మొదటి విడతగ పదివేల రూపాయలవరకు పెట్టుబడి ఋణము బ్యాంకులచేత ఇప్పించినది. పత్రముగాని గుర్తింపు చీటిగాని లేనివారు పురపాలక సంఘమువారి సిఫారసు లేఖ తెచ్చిన చాలునన్నారు. అనగా, ఈతడు మా పట్టణమున వీధి వర్తకుడని ఆ సంఘమే బ్యాంకునకు వ్రాసి యిచ్చినది. ఆ ఋణముతో కొన్న బండినే తరువాత ఆ సంఘమే ఆక్రమణయని లారీకెక్కించినచో ఏమనవలెను? ఒక చేతితో అప్పిప్పించి, మరియొక చేతితో అప్పు తీర్చు సాధనమును లాగికొనుట పరిపాలన యగునా? బండి పోయినను బ్యాంకు వాయిదా పోదు. ఆ పైకము ప్రజాధనమని అధికారులు మరువరాదు.

ఇక, ఎదుటి వాదము. అది యున్నదనియు, అందు బలము కలదనియు మేము ఒప్పుకొందుము. కాలిబాట నడచువారిది. బడికిపోవు పిల్లలు, గర్భిణులు, వృద్ధులు, చూపులేనివారు కాలిబాట విడిచి బస్సుల నడుమ నడువవలసివచ్చుట ఎవరికిని సమ్మతము కాదు. ఆసుపత్రి ద్వారముకడ రోగిబండికి దారిలేకుండుట ప్రాణములతోడి ఆట. మురుగుకాలువ ప్రక్క మూతలేని పళ్లెములలో పెట్టి యమ్ము తిండి వ్యాధులకు మూలము. సంతముగిసిన పిదప కుళ్లిన కూరలు, ఆకులు, కాగితములు వీధిలోనే విడిచిపోవు అలవాటు నింద్యము. వీధి వర్తకుడు పేదవాడైన మాత్రమున ఈ పనులు ఒప్పులు కావు. శాసనమును ఒప్పులనలేదు. తన తావును శుభ్రముగ నుంచుకొనుటయు, నియమించిన వేళ దాటగనే సరకు తీసివేయుటయు, విధించిన రుసుము చెల్లించుటయు వర్తకుని విధులని అదియే శాసించుచున్నది. దారికడ్డమైన చోట్లను అమ్మకము నిషేధించు అధికారమును పురపాలకులకు ఇచ్చుచున్నది.

కాని ఈ దోషములకు లారీ మందు కాలేదని అనుభవము చెప్పుచున్నది. లారీ వెళ్లిన పదిదినములకు వీధి మరల యథాపూర్వము. తావు చూపబడిన వర్తకుడు తావు దాటినచో శిక్షింపవచ్చును. ఏ తావును చూపబడనివానికి ఊరంతయు ఒకటే. ఎక్కడ కూర్చున్నను నేరమైనపుడు, బేరము బాగుగ సాగుచోటనే కూర్చుండును గదా! గీత గీసిన పిదపనే గీత దాటుట తప్పగును. కాన కాలిబాట నిజముగ ఖాళీ కావలెనని కోరువాడు లారీని కోరరాదు. లెక్కను, పటమును కోరవలెను.

దుకాణదారుల ఫిర్యాదు మరియొకటి. మేము బాడుగయు, ఇంటిపన్నును, లైసెన్సు రుసుమును చెల్లించి కూర్చుండగా మా యెదుట ఏమియు చెల్లింపనివాడు బేరము చేయుట న్యాయమా యని వారడుగుదురు. ప్రశ్న సమంజసమే. అయితే వీధి వర్తకుడు ఏమియు చెల్లించుటలేదనుట సరికాదు. పత్రము లేని చోట మామూలు పుట్టును. ఇది బజారునకు పోవు ప్రతివానికిని తెలిసిన రహస్యము. లాఠీ పట్టినవానికొక మామూలు, వీధి రౌడీకొక మామూలు. కొన్నిచోట్ల ఎదుటి దుకాణపు యజమానియే తన మెట్లముందరి కాలిబాటను బండికి బాడుగకిచ్చి దినముదినము వసూలు చేయుచున్నాడు. ఆ పైకమంతయు ఏ ఖజానాకును చేరదు. పత్రమిచ్చి, రుసుము కట్టి, రసీదు చేతికిచ్చినచో ఆ ధనము పురపాలక నిధికి వచ్చును. దానితో కొళాయియు, చెత్తతొట్టియు, దీపమును పెట్టవచ్చును. మామూలు పుచ్చుకొనువారే పత్రములకు విరోధులని మాకు తోచుచున్నది. మురుగుకాలువపై అరుగులు కట్టి, దానిపై సామానులు పేర్చు దుకాణదారులు తమ యాక్రమణను మరచి తట్ట పెట్టుకొన్న ముసలమ్మ యాక్రమణనే చూచుట కూడ ధర్మము కాదు. పిచ్చుకపై బ్రహ్మాస్త్రము వేయువారు ఏనుగు నెదుట కన్నులు మూసికొనరాదు.

భూవసతిగల మా పాఠకులు ఇది పట్టణమువారి తగవని తలంపవచ్చును. అది పొరపాటు. పొలములో పండిన దోసకాయ, గట్టుమీది అరటిగెల, తోటలోని జామ, మల్లెమొగ్గ పట్టణవాసి యింటికి చేరుట కెవరు కారకులు? తెల్లవారుజామున పెద్దబజారుకు పోయి, అరువుగనో, వడ్డీకి తెచ్చిన రొక్కముతోనో ఒక తట్టెడు కొని, ఎండెక్కులోపల గడపగడపకును తిరుగు మనుష్యుడు. చెడిపోవు సరకునకు కాలమే శత్రువు. కాలముతో పరుగెత్తువాడు ఇతడు. నేడు వీధిలో వాని బండి లాగికొన్నచో రేపు బజారున నొక కొనుగోలుదారు తగ్గును; కొనువారు తగ్గినచో ధర తగ్గునని రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. 1999 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రైతుబజారులు తెరచినపుడు దళారి ప్రమేయము లేక రైతే పట్టణమున అమ్ముకొనుటకు తావు చూపినది. తావు చూపి, గట్టు కట్టి, ధరల పలక పెట్టినచో కూరల బేరము క్రమముగ సాగునని ఆ బజారులే సాక్ష్యమిచ్చినవి. రైతునకు చేయగలిగినది బండివానికి చేయలేకుండుటకు కారణమేమి?

పట్టణవాసి సంగతి వేరుగ చెప్పనేల? ప్రొద్దున ఆకుకూరయు, దేవుని పూలును, సాయంకాలము పిల్లలకు వేరుసెనగలును అతనికి గుమ్మములోనికి రావలెను. వచ్చినపుడు పావలా తగ్గించుమని బేరమాడును. మరునాడు వీధులు ఇరుకైనవని కచ్చేరికి అర్జీ వ్రాయును. ఈ రెండు పనులు చేయువాడొకడే యని మనము కొంచెము సిగ్గుతో ఒప్పుకొనవలెను. ఆ వర్తకుడు ఊరికి పరాయివాడు కాడు. మన సౌకర్యము అతనిని అక్కడ కూర్చుండబెట్టినది.

స్థానిక స్వపరిపాలన యను మాట మన దేశమున 1882లో రిప్పన్ ప్రభువు తీర్మానముతో ప్రచారమునకు వచ్చినది. కాని దాని యర్థమును తెలుగువారు నేర్చుకొన్నది కచ్చేరి కాగితములనుండి కాదు. 1921లో చీరాల పేరాలలనుండి. తమ సమ్మతి లేక నెత్తిన పెట్టిన పురపాలక సంఘమును, దాని పన్నులను భరింపమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఆ ప్రజలు ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమున పాకలు వేసికొని నెలల తరబడి యుండిరి. వారిలో ఇంటిలోని మగ్గముపై బ్రతుకు నేతపనివారు పెక్కురు. వారు వీధులు బాగుపడుటకు విరోధులు కారు. మమ్ము అడుగక, మా బ్రతుకు తెరువు చూడక, మా పేరిట మీరు పాలింపరాదన్నారు. నేటి తట్టవాడును, బండివాడును అడుగుచున్నది అదియే. నాటి దొర లేడు. నేటి కచ్చేరిలో కూర్చున్నవారు మన వోట్లతో ఎన్నికైనవారు, మన పన్నులతో జీతము తీసికొనువారు. అందుచేత నేటి తప్పు మనదగుచున్నది.

వీధిని అమ్ముట హీనమని తలంచువారికి మరియొక సంగతి జ్ఞాపకము చేయుదుము. అదే 1921 డిసెంబరులో కలకత్తా వీధులలో ఖద్దరు అమ్ముచు చిత్తరంజన్ దాసుగారి ధర్మపత్ని బసంతీదేవిగారు అరెస్టయిరి. ఆమెతో మరి యిద్దరు స్త్రీలును పట్టుబడిరి. వీధిలో గుడ్డ అమ్ముట నేరమన్న పాలకుల నానాడు దేశమంతయు నిరసించినది. స్వతంత్ర దేశమున అదే వీధిలో గుడ్డ పరచిన పేదరాలిని అదే విధముగ లాగివేసినచో, నాటి నిరసనకు మనము ఏమి యర్థము చెప్పగలము?

కావలసినది క్రొత్త శాసనము కాదు. ఉన్నదానిని వరుస తప్పక నడపుట. ప్రతి పట్టణమునను లెక్కను ముగించి, జాబితాను వార్డువారీగ తెలుగులో అంటింపవలెను. పేరు తప్పినవారు అర్జీ పెట్టుకొనుటకు గడువీయవలెను. విక్రయ సమితికి వర్తకులచేతనే ఎన్నికలు జరిపింపవలెను. స్త్రీల స్థానములను భర్తల చేతికి పోనీయరాదు. ఏ వీధిని అమ్మవచ్చును, ఏ వీధిని ఏ వేళల అమ్మవచ్చును, ఏ వీధిని అమ్మరాదు అను పటమును బజారు కూడలిలో పలకపై వ్రాయవలెను. తావు చూపినచోట నీరు, దీపము, చెత్తతొట్టి, స్త్రీలకు మరుగు ఉండవలెను. ఊరి వెలుపల కొనువారు రాని మైదానమును చూపి తావిచ్చితిమనుట వంచన. సరకు పట్టుకొను ప్రతి నౌకరుచేత జాబితా పుస్తకముండవలెను. జాబితా ఈయక సరకు ముట్టినవానిపై చర్య తీసికొనవలెను. వర్తకుల సంఘములును తమవంతుగ, పత్రములను బాడుగకిచ్చువారిని, దారి మూయువారిని, చెత్త విడుచువారిని తామే మందలింపవలెను. హక్కు నిలుచునది క్రమశిక్షణమీదనే.

పాఠకులకు మా మనవి యొక్కటి. పురపాలక ఎన్నికలలో వోటడుగవచ్చు ప్రతి అభ్యర్థిని మూడు ప్రశ్న లడుగుడు. మన యూరి వీధి వర్తకుల లెక్క యెప్పుడు జరిగినది? విక్రయ సమితిలో వారు ఎన్నుకొన్న సభ్యులెందరు? అమ్మకపు తావుల పటము ఎచ్చట అంటించినారు? ఈ మూటికి జవాబు చెప్పలేనివారికి కాలిబాటలను గూర్చి యుపన్యసించు అధికారము లేదు. తెల్లవారుజామున లారీ మన వీధికి వచ్చినపుడు, గవాక్షమునుండి చూచి తలుపు మూసికొనక, క్రిందికి దిగి “నోటీసు ఎక్కడ? జాబితా ఎక్కడ?” అని ఇద్దరు పౌరు లడిగినను చాలును. శాసనము పుస్తకములోనుండి వీధిలోనికి వచ్చుట కంతకన్న దగ్గరిదారి లేదు. మన పేరిట జరుగు పని మనము తలయెత్తి చెప్పుకొనదగినదిగ నుండుగాక!